ఓలిగార్కీ అంటే డబ్బున్నవాళ్ళ పాలనేనా? ఎన్నికలున్న చోట కూడా అధికారం కొద్దిమంది దగ్గరే ఎందుకు ఉండిపోతుంది?

గ్రూప్ వన్‌కి చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పుస్తకంలో ఓలిగార్కీ అంటే ‘కొద్దిమంది పాలన’ అని ఒక్క ముక్కలో తేల్చేశారట. ఆ కొద్దిమంది ఎలా తయారవుతారు, ఓట్లు సక్రమంగా పడుతున్నా అదే గుంపు ఎందుకు మిగులుతుంది, ఇదంతా ఎవరో కూర్చుని పన్నిన కుట్రా అని ఆయన సందేహం.

సూటిగా చెప్తాను. కుట్ర అక్కర్లేదు. నేను చూసిన చాలా చోట్ల మొదట్లో కుట్ర లేనే లేదు. పని తెలిసిన నలుగురికి మిగతావాళ్ళు ఇష్టంగానే పని అప్పజెప్పారు. ఆ నలుగురికీ లెక్కలు, దారులు, పరిచయాలు వచ్చాయి, మిగతావాళ్ళకి రాలేదు. అక్కడిదాకా అది నాయకత్వమే. లోపలికి ఎవరు రావాలో లోపల ఉన్నవాళ్ళే తేల్చడం మొదలైనప్పటి నుంచి అది ఓలిగార్కీ. డబ్బు ముందే ఉండొచ్చు, తర్వాతా రావొచ్చు. అసలు కీలకం తలుపు దగ్గర ఉంటుంది.

నేను రాజనీతి పంతుల్ని కాను. సహకార శాఖలో ముప్ఫై మూడేళ్ళు ఆడిటర్‌గా చేసి రిటైరయ్యాను. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రైతులకి అప్పులు, ఎరువులు ఇచ్చే ప్రాథమిక సొసైటీలు, పాల సంఘాలు, పొదుపు సంఘాలు, ఒకటో రెండో చక్కెర ఫ్యాక్టరీలు నా పెన్ను కింద నుంచి వెళ్ళాయి. సొసైటీ అంటే ఒక చిన్న రాజ్యం. మనిషికో ఓటు, మహాజన సభ, ఎన్నికైన పాలకవర్గం, రాతపూర్వకమైన బైలా, అన్నీ ఉంటాయి. అన్నీ ఉండి కూడా ఎలా నలుగురి చేతిలో పడుతుందో చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు.

ముందు మాట సంగతి. గ్రీకులో ‘ఓలిగోయ్’ అంటే కొద్దిమంది, ‘ఆర్ఖే’ అంటే ఏలుబడి. తెలుగు పుస్తకాల్లో అల్పజనాధిపత్యం అని రాస్తారు. అరిస్టాటిల్ మాత్రం లెక్క దగ్గర ఆగలేదు. కలిగినవాళ్ళు తమ మేలు కోసం ఏలితే అది ఓలిగార్కీ, లేనివాళ్ళు ఏలితే డెమోక్రసీ అన్నాడు. కలిగినవాళ్ళు ఎక్కడైనా తక్కువమందే ఉంటారు కాబట్టి ఆ పేరొచ్చిందని, సంఖ్య కాకతాళీయమని ఆయన వాదన. అలాగే కొద్దిమంది అందరి మేలు కోసం ఏలితే దానికి అరిస్టోక్రసీ అని వేరే పేరు పెట్టాడు. పరీక్షలో ఈ తేడా అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. నా అనుభవంలో మాత్రం ఏ పాలకవర్గమూ తనది రెండో రకం అని చెప్పుకోకుండా ఉండలేదు.

ఇక నా కేసు. ఊరి పేరు, సొసైటీ పేరు చెప్పను.

పద్నాలుగొందల చిల్లర సభ్యులున్న సొసైటీ. ప్రెసిడెంట్ గారు ఇరవై రెండేళ్ళుగా ఆయనే. నేను వెళ్ళేసరికి ఊళ్ళో సగంమంది ఆయన్ని తిడుతున్నారు. కానీ మొదట ఆయన ఎలా వచ్చారో ఓ పెద్దాయన చెప్పాడు. యూరియాకి కరువొచ్చిన ఏడు ఈయన సొంత ఖర్చుతో బెజవాడ వెళ్ళి, ఆఫీసు వరండాలో రెండు రోజులు పడిగాపులు కాసి లారీ లోడు పట్టుకొచ్చాడట. ఇంగ్లీషులో అర్జీ రాయడం ఊళ్ళో ఆయనకే వచ్చు. ఆ మర్నాడే ‘నువ్వే ఉండవయ్యా, మాకెందుకీ తలనొప్పి’ అని అందరూ కలిసి కూర్చోబెట్టారు. ఏకగ్రీవం. ఆ పదవిని ఆయన లాక్కోలేదు, చేతిలో పెట్టారు.

తర్వాత ఇరవై ఏళ్ళలో జరిగిందే అసలు కథ. జిల్లా బ్యాంకులో మేనేజరు మారినా ఈయనకి తెలుస్తుంది, ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అప్పు ఎవరి ఫైలు కదులుతుందో, ఎవరిది ఆగుతుందో ఈయనకే తెలుసు. సెక్రటరీగా బావమరిది చేరాడు. సొసైటీ గోడౌను కట్టింది తమ్ముడి స్థలం పక్కన. వీటిలో విడివిడిగా ఏదీ నేరం కాదు, ఆడిట్‌లో అభ్యంతరం రాయడానికి కూడా చాలవు. ప్రతి అడుగుకీ ఓ సమంజసమైన కారణం మినిట్స్ బుక్కులో ఉంది. అదే చేతివ్రాత, అదే పదజాలం, ‘సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’.

మహాజన సభ సరిగ్గా నాట్ల రోజుల్లో పెట్టేవారు. పొద్దున్న పదకొండింటికి. నేను వెళ్ళిన రోజు తాటాకు పందిరి కింద ముప్ఫై ఏడుమందిని లెక్కపెట్టాను. సంతకాల షీటు చూస్తే నాలుగొందల పన్నెండు. షీటు ముందురోజు సాయంత్రమే సైకిల్ మీద ఇంటింటికీ వెళ్ళొచ్చిందని అటెండరు ఏ మాత్రం దాచుకోకుండా చెప్పాడు. ‘అందరూ ఎక్కడొస్తారండీ, పాపం’ అన్నాడు. ఆ ‘పాపం’ వ్యంగ్యం కాదు, నిజంగానే అన్నాడు.

ఇంతవరకూ జరిగింది చూస్తే 1911లో జర్మన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మిషెల్స్ చెప్పిన మాటే గుర్తొస్తుంది. మీ సిలబస్‌లో ‘ఓలిగార్కీ ఇనుప సూత్రం’ అని ఉంటుంది చూడండి, అది ఆయనదే. ఆయన రాజుల్నో జమీందార్లనో పరిశీలించలేదు. జర్మనీలోని సోషల్ డెమోక్రటిక్ పార్టీని పట్టుకున్నాడు. సమానత్వం కోసం పుట్టిన కార్మికుల పార్టీలోనే నలుగురి పెత్తనం వచ్చిందంటే ఎక్కడైనా వస్తుందని ఆయన తర్కం. సంస్థ పెరిగితే జీతగాళ్ళు, పత్రికలు, నిధులు కావాలి. వాటిని నడపడం తెలిసినవాళ్ళు తక్కువమంది. మామూలు సభ్యుడికి తీరిక లేదు, పైగా ఎవరో చూసుకుంటున్నారన్న కృతజ్ఞత ఉంటుంది. కొన్నాళ్ళకి నాయకుడికి సంస్థ లక్ష్యం కంటే సంస్థే ముఖ్యమైపోతుంది. 1912 ఎన్నికల్లో ఆ పార్టీ జర్మన్ పార్లమెంటులో 110 సీట్లతో అతి పెద్ద పార్టీ అయింది. యుద్ధాలకి వ్యతిరేకమని అన్నేళ్ళు చెప్పి, 1914 ఆగస్టు 4న యుద్ధ ఖర్చుకి ఓటేసింది. మిషెల్స్ మనిషిగా మాత్రం నాకు నచ్చడు. ‘ఎలాగూ నలుగురే ఏలతారు’ అన్న చోటి నుంచి నడిచి నడిచి చివరికి ఇటలీ నియంత ముస్సోలినీ పక్కన తేలాడు. రోగాన్ని బాగా కనిపెట్టిన డాక్టరు మందు తప్పు రాసినట్టు.

అయితే మిషెల్స్ చెప్పినదాంతో సగమే తెలుస్తుంది. నాకు మిగతా సగం ఆ సొసైటీ బీరువా సొరుగులో దొరికింది.

ఖాళీ వోచర్ల కోసం సొరుగు లాగితే అడుగున ఒక కట్ట. సభ్యత్వం కోసం పెట్టుకున్న అర్జీలు, అరవై మూడు. ప్రతిదానికీ ప్రవేశ రుసుము నోటు గుండుసూదితో గుచ్చి ఉంది. సూదులు తుప్పు పట్టి, నోట్ల మీద గోధుమరంగు మచ్చలు దిగాయి. కొన్ని ఆరేళ్ళ నాటివి. అర్జీదారులంతా అర ఎకరం, ఎకరం కొత్తగా కొనుక్కున్నవాళ్ళు. ఎక్కువమంది మాలపల్లి నుంచి, ఊరవతలి కాలనీ నుంచి.

‘వీళ్ళని ఎందుకు చేర్చుకోలేదండీ?’ అని అడిగితే ప్రెసిడెంట్ గారు కాస్త నొచ్చుకున్నారు. ‘వద్దని ఎవరన్నారండీ ఆడిటర్ గారూ? అజెండాలోకి రావాలిగా!’

అజెండా రాసేది ఆయన బావమరిది.

దీన్నే నేను తలుపు అంటున్నాను. కాదనక్కర్లేదు, అజెండాలో పెట్టకపోతే చాలు. ఇంకో దారి కూడా ఉంది. బాకీ గడువు దాటినవాడు పోటీకి అనర్హుడు. ఎన్నికల నోటిఫికేషన్‌కి ముందు తమవాళ్ళ బాకీలు కాగితం మీద కట్టినట్టు, అదే రోజు మళ్ళీ అప్పిచ్చినట్టు రాస్తారు. మా భాషలో బుక్ అడ్జస్ట్‌మెంట్. క్యాష్ బుక్కులో రూపాయి కదలదు. అవతలి వర్గానికి ఆ సదుపాయం దొరకదు, వాడు డిఫాల్టరు. ఎన్నిక సక్రమంగానే జరుగుతుంది, బ్యాలెట్ పెట్టెకి సీలు కూడా పక్కాగా ఉంటుంది.

దేశాల స్థాయిలో ఇదే పని అందరికంటే పద్ధతిగా చేసింది ఇటలీలోని వెనిస్ నగర రాజ్యం. మీకు వ్యాసం రాయడానికి పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. అక్కడ రాజు లేడు, ‘డోజ్’ అనే ఎన్నికైన పెద్ద ఉండేవాడు. అసలు అధికారం మహామండలిది. ఊరు సంపన్నమైంది ఒక వ్యాపార ఒప్పందం వల్ల. డబ్బున్నవాడు పెట్టుబడి పెడితే, డబ్బులేని కుర్రాడు ఓడెక్కి దూర రేవుల్లో సరుకు అమ్మి తిరిగొచ్చి లాభంలో పావు వంతు పుచ్చుకునేవాడు. నాలుగు ప్రయాణాలు కలిసొస్తే ఆ కుర్రాడే పెట్టుబడిదారు అయ్యేవాడు. అలా కొత్త కుటుంబాలు మండలిలోకి వస్తూ ఉండేవి. పాతవాళ్ళకి కంటగింపు అయింది. 1297లో నిబంధన మార్చారు. గత నాలుగేళ్ళలో మండలిలో కూర్చున్నవాళ్ళకి మళ్ళీ రావడం సులువు, కొత్తవాళ్ళకి కష్టం. చరిత్రలో దీన్ని ‘సెర్రాటా’, అంటే మూసివేత అంటారు. తమాషా ఏంటంటే మూసేముందు తలుపు కాస్త ఎక్కువే తెరిచారు, తొలి ఏళ్ళలో మండలి సంఖ్య పెరిగింది కూడా. గొడవ చేయగలవాళ్ళందర్నీ లోపలికి లాగి, ఆ తర్వాత గడియ పెట్టారన్నమాట. రెండు మూడు దశాబ్దాల్లో అది వంశపారంపర్యం అయిపోయింది. ప్రభుత్వ ఓడల వేలాల్లో పాడుకునే హక్కు కూడా క్రమంగా ఆ కుటుంబాలకే మిగిలింది. 1381లో జెనోవాతో యుద్ధానికి డబ్బిచ్చి సాయం చేసిన ముప్ఫై కుటుంబాలకి మాత్రం గడియ తీశారు. 1506 నుంచి పెద్దింటి పిల్లల పుట్టుకలు నమోదు చేయడానికి ‘బంగారు పుస్తకం’ పెట్టారు. మూసివేత నుంచి లెక్కేస్తే సరిగ్గా ఐదు వందల ఏళ్ళు, 1797లో నెపోలియన్ వచ్చేదాకా, ఆ మూసిన తలుపే రాజ్యం. నేను సొరుగులో చూసింది దాని పల్లెటూరి ప్రతి.

రష్యా గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ‘ఓలిగార్క్’ అనే మాట పత్రికల్లో ఇంతగా వాడుకలోకి వచ్చింది సోవియట్ కూలిన తర్వాత. 1995లో ప్రభుత్వం డబ్బుకి ఇబ్బంది పడి, పెద్ద కంపెనీల వాటాలు బ్యాంకులకి తాకట్టు పెట్టి అప్పు తీసుకుంది. ఆ వాటాలు ఎవరి దగ్గర తాకట్టు పెట్టాలో వేలంలో తేల్చేవారు, చాలాసార్లు వేలం నిర్వహించే బ్యాంకే గెలిచేది. నోరిల్స్క్ నికెల్ కంపెనీలో 38 శాతం వాటా దాదాపు 17 కోట్ల డాలర్లకి ఆ రకంగానే పోయింది. అప్పు మంజూరు చేసేవాడూ తీసుకునేవాడూ ఒక్కడే అయితే మేం ఆడిట్‌లో ఎర్ర సిరాతో రాసేవాళ్ళం. ఇక్కడ ఒక జాగ్రత్త. వాళ్ళని ఓలిగార్కులన్నా అక్కడ నిజంగా ఏలింది వాళ్ళేనా అన్నది వేరే ప్రశ్న. 2003 అక్టోబరులో చమురు కంపెనీ యూకోస్ అధిపతి ఖొదర్కోవ్‌స్కీని ప్రభుత్వం అరెస్టు చేశాక డబ్బు ఎవరిది, లాఠీ ఎవరిది అన్నది తేలిపోయింది. ధనవంతుడు వేరు, పాలకుడు వేరు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడినంత కాలమే ఆ పేరు సరిపోతుంది.

మన దగ్గరికి వస్తే, సమాచారం చేతిలో ఉండటం ఎంత పెద్ద ఆస్తో చెప్పడానికి కరణాన్ని మించిన ఉదాహరణ లేదు. ఊళ్ళో వంద ఎకరాల ఆసామి కూడా అడంగల్ ముందు చేతులు కట్టుకునేవాడు. ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో కరణానికే తెలుసు, అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆంధ్రాలో మునసబు, కరణాల్ని, తెలంగాణలో పటేల్, పట్వారీల్ని ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. నేను అప్పుడే సర్వీసులో చేరాను. రికార్డులు అప్పజెప్పమంటే కొన్ని ఊళ్ళలో నెలల తరబడి దొరకలేదు. పదవి పోయినా పుస్తకం పోలేదు.

సహకార రంగంలో ప్రభుత్వమే ఒక్కోసారి తలుపుకి అడ్డం నిలబడింది. ప్రాథమిక సొసైటీలకి 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ళ తరబడి నామినేటెడ్ కమిటీలతోనే నడిపారు, తెలంగాణలో 2020లో మళ్ళీ జరిపారు. కాబట్టి ‘ఎన్నికలుండి కూడా’ అని మీరు అంటున్నారు కానీ, చాలా చోట్ల ఎన్నికలే లేవు.

ఇది కులం వ్యవహారమేగా అని మీరు అనొచ్చు. కులం ఉంది, కాదనను. పరిచయాలు, వియ్యాలు, అప్పుకి హామీ సంతకాలు ఆ దారిలోనే నడుస్తాయి. కానీ అంతా ఒకే కులంవాళ్ళున్న సొసైటీలోనూ ఇదే కథ చూశాను. ఎదురెదురు పార్టీల నాయకులు వియ్యంకులై, ఎన్నికల్లో బల్లలు గుద్దుకుని, సాయంత్రం ఒకే అరుగు మీద కాఫీ తాగడం మీరూ చూసే ఉంటారు. కొత్తవాడిని ఆ అరుగెక్కనివ్వరు.

మరి తప్పించుకోలేమా? తప్పించుకున్నవాళ్ళున్నారు. అమెరికాలో ప్రింటింగ్ కార్మికుల అంతర్జాతీయ టైపోగ్రాఫికల్ యూనియన్‌లో లోపలే రెండు పార్టీలుండి, నాయకులు ఓడిపోతూ గెలుస్తూ ఉండేవారు. సమాజశాస్త్రవేత్తలు దాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. ఒక కారణం నాకు బాగా నచ్చింది. అక్కడ కంపోజిటర్ కూలీకీ నాయకుడి జీతానికీ పెద్ద తేడా లేదు. ఓడిపోతే మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళి అక్షరాలు పేర్చుకుంటాడు. మా ప్రెసిడెంట్ గారు దిగిపోతే ఏం పోతుందో లెక్క వేశాను. ఎరువుల డిపో, గోడౌను అద్దె, బ్యాంకులో కుర్చీ, ఊళ్ళో నమస్కారం. దిగితే అంత పోయేవాడు ఎందుకు దిగుతాడు?

పాతకాలంవాళ్ళు ఇంకో ఉపాయం పట్టారు, చీటీ. ఏథెన్స్‌లో 500 మంది సభని చీటీ తీసి ఎంచేవారు, ఏడాదే పదవి, జీవితంలో రెండుసార్లకి మించి లేదు. ఎన్నిక ఓలిగార్కీ పద్ధతి, చీటీ ప్రజాస్వామ్య పద్ధతి అని అరిస్టాటిల్ రాశాడంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుడి కాలం నాటి శాసనాలున్నాయి, 919, 921 సంవత్సరాలవి. తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి పిల్లవాడి చేత తీయించేవారు. గత మూడేళ్ళలో కమిటీలో ఉన్నవాడికి అర్హత లేదు. పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడికే కాదు, అతని దగ్గరి బంధువులకి కూడా లేదు! వెయ్యేళ్ళ కిందటి ఆడిటరెవరో గానీ దండం పెట్టాలి. అలాగని అది అందరి రాజ్యమూ కాదు. పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు, వేదం చదువు ఉన్నవాళ్ళ పేర్లే కుండలోకి వెళ్ళేవి. తమలో తాము చీటీ వేసుకున్న కొద్దిమందే వాళ్ళు.

నేను చూసిన వాటిలో ఓ మహిళా పొదుపు సంఘం కొన్నాళ్ళు బాగా నిలబడింది. రెండేళ్ళకోసారి అధ్యక్షురాలు మారాలి. నెలనెలా లెక్క బిగ్గరగా చదవాలి. చదువు రాని ఓ ముసలమ్మ ‘ఆగాగు, పోయిన నెల మీరమ్మ కట్టింది నూట యాభై, నూరు కాదు’ అని పట్టేసింది, పుస్తకం చూస్తే ఆవిడ మాటే నిజం. కానీ అక్కడ కూడా నాలుగేళ్ళకి ఒకటి గమనించాను. అధ్యక్షురాళ్ళు మారుతున్నారు, లెక్కలు రాసే కుర్రాడు మారడం లేదు. ఏ అప్పు ముందు చదవాలో అతని ఇష్టం. కుర్చీ తిరుగుతున్నా పెన్ను తిరగకపోతే పెత్తనం పెన్నుదే. మంత్రులకీ ఆఫీసర్లకీ కూడా ఇదే వర్తిస్తుంది, మీరు సెలెక్టయ్యాక మీకే తెలుస్తుంది.

కాబట్టి ఏదైనా సంస్థ ఓలిగార్కీ అవునా కాదా అని చూడాలంటే నేతలు ఎంతమంది అని లెక్కపెట్టకండి. కొత్తవాడు ఎవరి దయ లేకుండా చేరగలడా, మామూలు సభ్యుడు అడిగిన రోజున పుస్తకం చూడగలడా, నాయకుడు ఓడిపోయి బతకగలడా అని అడగండి.

ఆ అరవై మూడు అర్జీల సంగతి అడుగుతారేమో. నేను ఆడిట్ రిపోర్టులో అభ్యంతరం రాశాను, పైనుంచి ఒత్తిడి వచ్చింది, తర్వాతి ఏడు అందరూ సభ్యులయ్యారు. ఆ పై ఎన్నికల్లో ప్రెసిడెంట్ గారు పోటీ చేయలేదు. ఆయన మేనల్లుడు గెలిచాడు, ఆ అరవై మూడు ఓట్లలో చాలావరకు అతనికే పడ్డాయి. పాస్‌బుక్కులు తనే స్వయంగా ఇంటింటికీ తీసుకెళ్ళి, ‘మావయ్య చెప్పి ఇప్పించాడమ్మా’ అని చేతికిచ్చాడట. నా పేరు ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అయితే ఆ ఏడు మహాజన సభకి నేను మళ్ళీ వెళ్ళాను. కొత్త సభ్యుల్లో ఒకావిడ నాటు కూలీ మానుకుని మరీ వచ్చింది. తీర్మానం చదవగానే లేచి, ‘సరే బాబూ, అది రేపు సంతకం పెడతాం, ఇవాళ క్యాష్ బుక్కు చదువు’ అంది. మేనల్లుడు నవ్వి ఊరుకోబోయాడు. వెనక నుంచి ఇంకో ఇద్దరు ‘చదవండి’ అన్నారు. ఆ రోజు సభ మధ్యాహ్నం మూడింటిదాకా సాగింది, భోజనాలు చల్లారిపోయాయి.